మత్తులో పాట ఎందుకు పెద్దదైతాదంటే

కడప,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బాషా,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నా. అంతసేపు మాట్లాడి చివర్లో అడిగింది ఒక్క ముక్క: గంజాయి తాగి పాట వింటే నిజంగానే వేరేగా ఉంటాదా, లేకుంటే మా రూమోళ్ళు ఊరికే చెప్తాండారా అని. ఫోన్లో మొదలుపెడితే సగం మాటలోనే నీకు ఆఫీసు కాల్ వస్తాది, అందుకే రాస్తాండా. తీరిగ్గా చదువు, పొడుగుంటాది.

జవాబు ముందే చెప్పేస్తా. వేరేగానే ఉంటాది, వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కానీ అందులో గంజాయి వాటా వాళ్ళనుకునేంత లేదు. చానా భాగం ప్లే నొక్కకముందే తలకాయలో తయారై కూర్చోనుంటాది. "ఇప్పుడు విను, పాట యాడికో పోతాది" అని పక్కనోడు అంటాడే, ఆ మాట దగ్గరే పని మొదలైపోతాది. నా దిగులు ఆ మాట గురించి కాదు. దాని వెనకే వచ్చే రెండో మాట గురించి. "అది లేకుండా వింటే పాట చప్పగా ఉంటాది" అని మీ రూమ్మేట్ అన్నాడన్నావే, అదీ. పాటంటే ప్రాణమిచ్చే నీలాంటోడికి ఆ నమ్మకం చేసే నష్టం చిన్నది కాదు. ఎందుకో చెప్తా.

హోవర్డ్ బెకర్ అని అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేవాడు. షికాగోలో రాత్రిళ్ళు జాజ్ పియానో వాయించినోడు, గంజాయి తాగేవాళ్ళ మధ్యనే మసిలినోడు. 50 మందితో మాట్లాడి 1953లో ఒక వ్యాసం అచ్చేసినాడు. ఆయన తేల్చింది ఏందంటే, గంజాయి తాగేవాడు మూడు విద్యలు నేర్చుకోవాల్సి వస్తాది. పొగ పీల్చే తీరు ఒకటి. లోపల వచ్చిన మార్పును "ఇదే అది" అని గుర్తుపట్టడం రెండోది. దాన్ని బాగుందనుకోవడం మూడోది. మొదటిసారి తాగినోళ్ళలో చానామంది "నాకేం కాలేదే" అనే అంటారు. పక్కనోళ్ళు చెప్పాలి: కాళ్ళు చల్లబడినాయి చూడు, ఆకలి దంచేస్తాంది చూడు, అదే ఎక్కడమంటే అని. అప్పుడు గానీ వాడికి ఎక్కింది అని తెలియదు. పాట విషయం కూడా ఇంతే. "బేస్ వంటికి తగుల్తాంది కదా" అని ఒకడు అంటాడు, మిగతా నలుగురూ బేస్ కోసం వెతుకుతారు, అది రికార్డింగులో మొదట్నించీ ఉన్నదే కాబట్టి దొరుకుతాది. ఆ దొరకడం మత్తు ఖాతాలో పడుతుంది.

అసలు మందే లేకుండా ఎంత జరుగుతాదో తెలుసుకోవాలంటే కెనడాలోని మాంట్రియల్ ముచ్చట వినాలి. అక్కడి మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక గదిని అచ్చం పార్టీ మాదిరి తయారు చేసినారు. రంగు లైట్లు, గోడకు బొమ్మలు, పాటలు. 33 మంది విద్యార్థులకు మ్యాజిక్ పుట్టగొడుగుల (భ్రమలు పుట్టించే పుట్టగొడుగులు) మందులాంటిదని చెప్పి మాత్ర ఇచ్చినారు. అది ఉత్తుత్తి మాత్ర. మధ్యలో తమ మనుషుల్ని కొందరిని కూర్చోబెట్టి, ఎక్కినట్టు నటించమన్నారు. చివర్లో అడిగితే 61 శాతం మంది ఏదో ఒకటి అనిపించిందన్నారు. గోడమీది బొమ్మలు కదిలినాయన్నోళ్ళు కూడా ఉన్నారు. 2020లో అచ్చైన పని ఇది. వాళ్ళు మోసగాళ్ళూ కాదు, అమాయకులూ కాదు. గది, పాట, పక్కనోడి ముఖం, మాత్ర మింగేటప్పుడు చెప్పిన మాట, అన్నీ ఒకే దిక్కు చూపిస్తాంటే మనసు ఆ దిక్కుకే నడిచింది.

అట్లని గంజాయి ఉత్తదే అని నేననను, అది తప్పు. టీహెచ్‌సీ అని గంజాయిలో మత్తెక్కించే పదార్థం, అది మెదడులో నిజంగానే పనిచేస్తాది. కాలం లెక్క తప్పుతాది, నిమిషం గడిస్తే అంతకంటే ఎక్కువే గడిచినట్టు ఉంటాది. నాలుగు నిమిషాల పాట సాగినట్టు, సొరం సొరానికి మధ్య ఖాళీ పెరిగినట్టు అనిపించేది అందుకే. ఇప్పుడే విన్నది గుర్తుపెట్టుకునే శక్తి సన్నగిల్లుతాది, అందుకని నూరుసార్లు విన్న చరణం కూడా కొత్తగా తగులుతాది. ధ్యాస ఒకదానిమీద అతుక్కుంటే అంత సులువుగా ఊడిరాదు. ఈ మూడూ నిజమే.

కానీ ఇంకోటి విను. 2018లో లండన్ పరిశోధకులు 16 మందికి మూడు వేర్వేరు రోజుల్లో మూడు రకాలు ఇచ్చి మెదడు స్కానర్లో పాటలు వినిపించినారు: సీబీడీ (గంజాయిలోనే ఉండే, మత్తెక్కించని ఇంకో పదార్థం) ఉన్న గంజాయి, సీబీడీ లేని గంజాయి, ఏ పసా లేనిది. సీబీడీ లేని ఘాటు రకం తీసుకున్నప్పుడు, పాటకు మెదడు స్పందన పెరగలేదు, తగ్గింది. శబ్దాన్ని పట్టే భాగంలోనూ, ఆనందానికీ భావోద్వేగానికీ సంబంధించిన భాగాల్లోనూ తగ్గింది. అయినా మనుషులు మాత్రం పాట వినాలని ఎక్కువగా ఉందన్నారు. కావాలనిపించడం పెరిగింది, లోపల అందేది తగ్గింది. చిన్న పరిశోధనే, 16 మందితో లోకమంతటికీ లెక్క కట్టలేం. అయినా "గంజాయి పాటను పెంచుతాది" అని ఒక్క వాక్యంలో తేల్చేవాళ్ళు దీన్ని ఒకసారి చదవాలి.

ఎదురుచూపుకు పాటలో అంత బలం ఎందుకంటే, పాట నడిచేదే దానిమీద. పల్లె తిరునాళ్ళలో చెక్కభజన జ్ఞాపకం చేసుకో. గురువు మధ్యలో తాళాలు పట్టుకుని నిలబడతాడు, చుట్టూ పిల్లోళ్ళు చెక్కలు ఆడిస్తా తిరుగుతాంటారు. అడుగు మారబోయే ముందు గురువు నోట ఒక కేక వస్తాది. ఆ కేకకూ కొత్త అడుగుకూ మధ్య ఉండే ఒక్క క్షణంలో చూసేవాళ్ళందరి ఒళ్ళూ ముందుకు వంగుతాది. అడుగు పడినాక వచ్చే ఆనందం వేరు, పడబోయే ముందు వచ్చేది వేరు. 2011లో మాంట్రియల్ శాస్త్రవేత్తలే మెదడులో దీన్ని చూపించినారు. పాటలో వెంట్రుకలు నిక్కబొడుచుకునే చోటికి కొన్ని సెకన్ల ముందు ఒక భాగంలో డోపమైన్ అనే మెదడు రసాయనం వస్తాది, ఆ చోటికి చేరినాక ఇంకో భాగంలో వస్తాది. రెండూ వేర్వేరు. అంటే పాట తెలిసుండటం, ఇప్పుడేం రాబోతాదో ఒంటికి ఎరుక ఉండటం, అదే సగం సుఖం. మత్తు ఎక్కువైతే ఈ ఎరుకే చెదిరిపోతాది. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టుకుంటా సమం (తాళం మొదటి దెబ్బ) మీదికి వచ్చే ముగింపు కోసం కాచుకోనుండేవాడికి ఐదో అక్షరం దగ్గరే లెక్క జారిపోతే, ఆ ముగింపు ఎంత గొప్పగా పడినా ఏం లాభం? మెల్లగా కదిలే ఆలాపనా, ఒకే మోత తిరిగి తిరిగి వచ్చే సంగీతమూ మత్తులో బాగున్నాయని, లెక్కతో నడిచే తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) గజిబిజిగా ఉందని జనం చెప్పేదానికి కారణం నా మటుకు ఇదే.

నీకు ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్తా. మన పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ నువ్వు చిన్నప్పట్నించీ విన్నావు. అక్కడ పాడేవాడు ఏం చేస్తాడో గమనించు. ఏ లైనుకు ఎవరి తల ఊగిందో, ఎవరి కంట్లో నీళ్ళొచ్చినాయో చూసుకుంటా ఆ లైనునే పట్టుకుంటాడు. మళ్ళీ, మళ్ళీ, ఇంకోసారి. చప్పట్లు బిగుసుకుంటాయి, నడక పెరుగుతాది. ప్రతిసారీ విన్నవాడు "ఇప్పుడు వదుల్తాడా, మళ్ళీ పట్టుకుంటాడా" అని ఎదురుచూస్తాడు. ఊరి మధ్యలో, దీపాల వెలుగులో, తెలిసిన మనుషుల నడుమ. బాగ్దాదులో ఉండిన జునైద్ అనే సూఫీ, 910లో పోయినాడు, సమా (సూఫీలు భక్తితో పాట వినడం) వినాలంటే మూడు కావాలన్నాడని గజాలీ అనే ఇస్లాం పండితుడు రాసినాడు: తగిన కాలం, తగిన చోటు, తగిన తోడు. ఆ మూడూ లేకుంటే వినొద్దన్నాడు. 1960ల్లో అమెరికా వాళ్ళు మత్తుమందుల గురించి మనసు స్థితి, పరిసరాలు అని పెద్ద సిద్ధాంతం మాదిరి చెప్పుకున్న సంగతి వెయ్యేళ్ళకు ముందే పాట గురించి తెలిసినవాళ్ళు చెప్పి పెట్టినారు. నాకు ఇది తల్చుకుంటే ఒళ్ళు పులకరిస్తాది.

ఎదురుచూపు చెడుగా కూడా పనిచేస్తాది, దీన్ని మీ రూమోళ్ళకు తప్పకుండా చెప్పు. గంజాయి తాగితే గుండె వేగం పెరుగుతాది. అది మామూలే అని తెలిసినోడు పట్టించుకోడు. తెలియనోడు, లేకుంటే అప్పటికే భయంలో ఉన్నోడు, ఓనరు తలుపు కొడతాడేమో అని చెవులు రిక్కించి కూర్చున్నోడు, గుండెపోటే అనుకుంటాడు. ఆ భయానికి గుండె ఇంకా కొట్టుకుంటాది, దాన్ని చూసి ఇంకా భయం. అదే గదిలో అదే పాట ఒకడికి స్వర్గం, పక్కనోడికి నరకం అయ్యేది ఇట్లనే. అట్లాంటోడు దొరికితే పాట ఆపెయ్, లైటెయ్, ఇది కాసేపట్లో దిగిపోతాదని నిదానంగా చెప్పు, పక్కనే కూర్చో. గుండెలో నొప్పి ఉంటే, స్పృహ తప్పితే, మాట అర్థం లేకుండా పోతే ఆలోచించొద్దు, 108కి కొట్టు.

తినే రకాలతో ఇంకో చిక్కు. పొగ కొన్ని నిమిషాల్లోనే తెలుస్తాది. భంగుకూ బ్రౌనీలకూ అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. నలభై నిమిషాలు చూసి "ఏం కాలేదే" అని ఇంకోటి తింటారు, రెండూ కలిసి ఒకేసారి మీద పడతాయి. ఇంట్లో ఎవరికైనా మతి చలించిన చరిత్ర ఉన్నోళ్ళు దీని జోలికే పోకూడదు. చట్టం సంగతి కూడా తెలుసుకో, 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద గంజాయి వాడినందుకే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఉద్యోగం చేసుకునేవాడికి జైలు వరకూ పోనక్కర్లేదు, కేసు నమోదైతే చాలు.

ఇప్పుడు ఆ "చప్పగా ఉంటాది" దగ్గరికొద్దాం. ఒకడు ఆరు నెలలు మత్తులోనే పాట విన్నాడనుకో. ఆ రోజుల్లో వాడు చేసినవన్నీ లెక్కెయ్యి: లైటు ఆర్పినాడు, ఫోను పక్కన పెట్టినాడు, పడుకున్నాడు, ఇష్టమైన పాటే పెట్టినాడు, నలుగురు దోస్తులు పక్కనున్నారు, మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. మత్తు లేని రోజు ఎట్ల వింటాడు? బస్సులో, ఒక చెవిలో, మెసేజులు చూస్తా, సగంలో తర్వాతి పాటకు పోతా. ఈ రెండు వినడాలకూ మధ్య తేడా అంతా గంజాయిదే అనుకుంటాడు. అంతటితో ఆగదు. "లేకుంటే చప్పగా ఉంటాది" అని ముందే తీర్పు చెప్పుకుని కూర్చుంటాడు కాబట్టి వెతకడు, వెతకడు కాబట్టి దొరకదు, దొరకలేదు కాబట్టి చెప్పింది నిజమే అనుకుంటాడు. మాత్రలో మందు లేకున్నా బొమ్మలు కదిలినట్టే, పాటలో అన్నీ ఉన్నా ఏమీ లేనట్టు అనిపిస్తాది. పాట వాడి చేతిలోంచి జారిపోయి పొట్లం చేతిలోకి పోతాది. అది నీకు జరగకూడదురా.

మీ రూమ్మేట్‌తో వాదన పెట్టుకోవద్దు, పరీక్ష పెట్టు. మత్తులో ఇంతకుముందెప్పుడూ వినబడని తబలా వినబడిందంటాడు కదా. ఏ పాట, ఎన్నో నిమిషం ఎన్నో సెకను, కుడి చెవిలోనా ఎడమ చెవిలోనా, అప్పుడే కాగితం మీద రాయమను. మరుసటి రోజు మత్తు పూర్తిగా దిగినాక అదే హెడ్‌ఫోన్, అదే వాల్యూమ్ పెట్టి, ఆ చోటికి పది సెకన్ల ముందు నుంచి వినిపించు. "కుడిపక్క తబలా" అని ముందే చెప్పు. వినబడితే అది మొదట్నించీ అక్కడే ఉందని, గంజాయి చేసిందల్లా అటు చూడమని చెప్పడమేనని వాడికే తెలుస్తాది. ఆ పని ఒక వేలు చూపించి కూడా చెయ్యొచ్చు. వినబడకపోతే ఆ తబలా రికార్డింగులోనే లేకపోయుండొచ్చు, మనసు కల్పించిందేమో.

రెండో పరీక్షకు ఎనిమిది మంది కావాలి, మత్తు అక్కర్లేదు. ఒకే పాట ఫైలును కాపీ చేసి రెండు పేర్లు పెట్టు, ఒకటి "స్టూడియో మాస్టర్", ఇంకోటి "వాట్సాప్ కాపీ". ఒక్కొక్కరికీ విడిగా, రెండింటిలోంచీ అదే 40 సెకన్ల ముక్క వినిపించు. తర్వాత చీటీ ఇచ్చి గొంతు స్పష్టతకు, బేస్‌కు, ఎంత నచ్చిందనేదానికి పదికి మార్కులు వెయ్యమను. మాట్లాడనియ్యొద్దు, ఒకడు నోరు తెరిచినాడంటే మిగతావాళ్ళ మార్కులన్నీ వాడివే. ఇందులో జనం తప్పేది వరస దగ్గర. రెండోసారి వినేటప్పుడు చెవికి ముక్క అప్పటికే తెలుసు కాబట్టి పేరుతో పని లేకుండానే ఎక్కువ వినబడతాది. అందుకని నలుగురికి మాస్టర్ ముందు పెట్టు, నలుగురికి వెనక పెట్టు. రెండు గుంపుల్లోనూ మాస్టర్‌కే మార్కులు ఎక్కువొస్తే ఆ మార్కులు పేరుకు పడినాయి. రెండు గుంపుల్లోనూ, పేరు ఏదైనా, రెండోసారి విన్నదానికే ఎక్కువొస్తే అది వరస మహిమ. వాల్యూమ్ బటన్ అస్సలు ముట్టుకోవద్దు, ఒక్క డెసిబెల్ పెరిగినా చెవి దాన్ని "గట్టిగా ఉంది" అనదు, "బాగుంది" అంటాది. ప్లే నొక్కేవాడికి కూడా రెండూ ఒకటేనని తెలియకుంటే మంచిది, తెలిసినోడి ముఖమే జవాబు చెప్పేస్తాది. అయిపోయినాక అందరికీ నిజం చెప్పెయ్.

ఇంక నీకోసం. జునైద్ చెప్పిన మూడూ తీసుకో. కాలం: తిన్న వెంటనే వద్దు, నిద్ర వస్తాది. తెల్లవారుజాము నాలుగున్నర, లేకుంటే రాత్రి పదిన్నర దాటినాక. వినబోయే పాటను రెండు మూడు రోజులు ముట్టుకోవద్దు, ఆకలి పుట్టనీ. చోటు: మిద్దె మీద చాప వేసుకుంటే అంతకంటే ఏముంది, ఫ్యాను మోత కూడా ఉండదు. గదిలో ఫ్యాను తిరుగుతాంటే ముందు మునిగేది తంబూరా శ్రుతి, తర్వాత గమకం చివరి కొస. ఇయర్‌ఫోన్ రబ్బరు సైజు చూసుకో, చెవికి పట్టుకోకపోతే బేస్ మొత్తం బయటికి పోతాది, మనమేమో పాటను తిట్టుకుంటాం. పాటను డౌన్‌లోడ్ చేసి ఫ్లైట్ మోడ్ పెట్టు, ఆటోప్లే ఆపు. మధ్యలో ప్రకటన ఒక్కటి వస్తే పదిహేను నిమిషాలు కట్టుకున్న ఎదురుచూపు కూలిపోతాది. వాల్యూమ్ పక్కనోడి మాట లీలగా వినబడేంత చాలు. 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, 90లో అయితే 4 గంటలే. "ఈరోజు ఎక్కువ కావాలి" అనే ఆశతోనే వేలు ఆ బటన్ మీదికి పోతాది, జాగ్రత్త.

తోడు: ఒక్కరు చాలు, పాట మధ్యలో మాట్లాడనివాడై ఉండాలి. వినే ముందు రెండు నిమిషాలు పాట నడక చెప్పుకోండి. ఆలాపన ఎంతసేపు, తాళం ఎక్కడ మొదలైతాది, ఏ చోట తిరుగుతాది. అన్నీ చెప్పుకోవద్దు, ఒక్క వాద్యాన్ని ఎంచుకుని మొత్తం పాట దాని వెనకే పోండి, మృదంగమో, వయొలినో. ఇరవై నుంచి నలభై నిమిషాల పొడుగు పాట తీసుకో. మొదటి మూడు నాలుగు నిమిషాలు ధ్యాస ఆఫీసులోనే తిరుగుతాది, దాన్ని చూసి "నాకు పట్టడం లేదు" అని తీర్పు చెప్పొద్దు. ఊపిరి వదిలినప్పుడల్లా వాద్యం దగ్గరికి తిరిగి రా. అయిపోయినాక నిమిషం ఊరుకుని, ఆ తర్వాతే మాట. అదే పాటను మరుసటి వారం ఇంకో వాద్యం వెనక విను. అందులో రెండు పాటలు ఉన్నాయని నీకే తెలుస్తాది.

మీ రూమ్మేట్‌ను కూడా ఒకసారి ఇట్లా కూర్చోబెట్టు, మత్తు లేని రోజు, వాడు చప్పగా ఉందన్న పాటకే. ముందు ఏమీ ఊరించొద్దు, ఊరిస్తే అది నీ మాట మహిమ అవుతాది, పరీక్ష చెడిపోతాది. రోజూ తాగకుండా ఉండలేకపోతాండాడని నీకు అనిపిస్తే మాత్రం పాటల సంగతి పక్కన పెట్టి 14446 నంబరు వాడి చేతిలో పెట్టు, మత్తు మానేవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన లైను అది.

ఎనిమిది చీటీల ఫోటో నాకు పంపు, మార్కులు నేను కూడతా. ప్రతి చీటీ వెనక ఎవరికి ఏది ముందు వినిపించినావో రాయడం మర్చిపోవద్దు, అది లేకుంటే లెక్క తెగదు.

నీ
ఓబులేసు